గన్నవరం ఎయిర్‌పోర్టులో వెల్డింగ్ పనికి ఏయే పర్మిట్లు కావాలి?

ప్రశ్న: రన్‌వే వైపు షెడ్డు రిపేరు సబ్‌కాంట్రాక్టుకి వచ్చిందండి. ఆరుగురు మనుషులు, వెల్డింగ్, ఒక క్రేను. ముందు దేనికి అప్లై చేయాలి?

జవాబు 1: ముందు మనుషుల పాసులండి. ఎంట్రీ పర్మిట్ ఇచ్చేది బీసీఏఎస్ (పౌర విమానయాన భద్రత చూసే కేంద్ర సంస్థ), దరఖాస్తు మాత్రం పని ఇచ్చిన సంస్థ ద్వారానే వెళ్లాలి. వర్క్ ఆర్డరు, ఆధార్, పోలీస్ వెరిఫికేషన్ జతచేయండి. ఆలస్యమంతా వెరిఫికేషన్ దగ్గరే. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉండి, దరఖాస్తులో పొడి అక్షరం రాస్తే వెనక్కి వచ్చేస్తుంది. గుంటూరులో ఉంటున్నా సొంతూరు వేరే రాష్ట్రమైన కూలీలకు అక్కడి రిపోర్టు కూడా అడగొచ్చు, వాళ్లవి ముందే మొదలుపెట్టండి.

జవాబు 2: క్రేనుని తేలిగ్గా తీసుకోకండి అన్నా. అనుమతించే ఎత్తు సముద్రమట్టం నుంచి లెక్క. ఉదాహరణకి 45 మీటర్లు ఇచ్చి, నేల మట్టం 24 ఉంటే, బూమ్ (క్రేను చెయ్యి) కొస నేల నుంచి 21 మీటర్లు దాటకూడదు. దరఖాస్తులో బూమ్ పూర్తిగా చాచినప్పటి ఎత్తే రాయండి. నోటమ్ (పైలట్లకు ఇచ్చే హెచ్చరిక నోటీసు) అవసరమైతే కనీసం వారం ముందు కదలాలి.

జవాబు 3: వెల్డింగ్‌కి హాట్ వర్క్ పర్మిట్ వేరే తీసుకోవాలి. అందులో రాసిన చోటికి, రాసిన వేళలకే చెల్లుతుంది. పక్కన ఫైర్ ఎక్స్‌టింగ్విషర్, పని ఆపాక కనీసం అరగంట కాపలా మనిషి ఉండాలి. పనిముట్లు లెక్క రాయించి లోపలికి తీసుకెళ్లి, అదే లెక్కతో బయటికి తేవాలి. ఒక్క నట్టు అక్కడ మిగిలినా విమానం ఇంజిన్ లాగేసుకునే ప్రమాదం ఉంది.