ముఖాలను అంత వికృతంగా ఎందుకు గీశారు?

ప్రశ్న (తిరుపతి): నార్వే చిత్రకారుడు మంక్ 1893లో చిత్రించిన ‘ద స్క్రీమ్’లో ముఖం పుర్రెలా సాగిపోయి, ఆకాశం ఎర్రటి అలలుగా మెలితిరిగి ఉంటుంది. మనిషిని ఉన్నది ఉన్నట్టుగా గీయడం చేతనైనవారే ఇలా ఎందుకు గీశారో పెద్దలు వివరించగలరా?

జవాబు: కంటికి కనిపించేదానికన్నా లోపల రగిలేదే నిజమని మంక్, ఆయన తర్వాతి ఎక్స్‌ప్రెషనిస్టు చిత్రకారులు గాఢంగా నమ్మారండి. వారిలో ఒకడైన జర్మన్ చిత్రకారుడు కిర్చ్‌నర్ 1915లో సైనిక దుస్తుల్లో తనను తాను చిత్రించుకుంటూ, నిజానికి క్షేమంగానే ఉన్న తన కుడిచేతిని మణికట్టు దగ్గర తెగిపోయినట్టు చూపాడు. యుద్ధం తనలోని చిత్రకారుణ్ణి బలి తీసుకుంటుందన్న భయమంతా ఆ మొండిచేతిలోనే ఉంది.

జవాబు (శ్రీకాళహస్తి): మా కలంకారీలోనూ కళ్లను ముఖానికి మించి పెద్దవిగా తీరుస్తాము. అయితే అది సంప్రదాయం నిర్ణయించిన కొలత, కిర్చ్‌నర్‌ది ఒంటరి మనిషి వేదన. రెంటినీ ఒకే గాటన కట్టలేము.

ప్రశ్నించినవారు: ధన్యవాదాలండి. ఆస్ట్రియా చిత్రకారుడు షీలే గీసిన బిగుసుకుపోయిన వేళ్లను కూడా ఇదే దృష్టితో చూడవచ్చా?

జవాబు: తప్పకుండా చూడవచ్చండి.