సమస్యాపూరణం: ‘పుంజు గుడ్డు పెట్టెఁ బొద్దు పొడువ’

నిర్వాహకుడు, కడప:
ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం, ముందరి మూడు పాదాలు మీరు పూరించి అర్థం కుదర్చాలి. కదిరి దగ్గర కటారుపల్లికి పోయి వేమన సమాధికి మొక్కి వచ్చేవాళ్లం, ఆయన ఛందస్సులో ఒక్క పద్యం రాయలేమా? పుంజు గుడ్డెట్లా పెడుతుందని నన్ను అడగొద్దు.

ప్రొద్దుటూరు అల్లుడు:
గంప కింద పెట్ట కదలక కూర్చుండె
బడికి వేళ యాయె బయలుదేర
కూసి లేపె నన్ను వాకిట నిలిచిన
పుంజు, గుడ్డు పెట్టెఁ బొద్దు పొడువ

నిర్వాహకుడు:
పుంజును మూడో పాదానికి కట్టేసి తప్పించుకున్నారు, బాగుంది. గణాలు సరిపోయాయి. మూడో పాదంలో యతి (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరం కలవడం) తప్పింది, ‘కూ’కు ‘వా’ కలవదు. ‘కూసి లేపె నన్నుఁ గోడపైకెక్కిన’ అంటే కుదురుతుంది. గుడ్డు పెట్టిందెవరో తెలియాలంటే మాత్రం మొదటి పాదం దాకా వెనక్కి పోవాలి. దూరాన్వయం, అంటే కలవాల్సిన మాటలు దూరంగా పడ్డాయి.

సైన్సు అయ్యవారు:
యతి సరే అన్నా, పెట్ట పొద్దు పొడవగానే గుడ్డు పెట్టడం అరుదు. ఒక్కో గుడ్డుకు 24 నుంచి 26 గంటలు పడుతుంది, అందుకే వేళ రోజూ కాస్త ఆలస్యమవుతుంది. మాది నేను బడిలో ఉన్నప్పుడే పెడుతుంది. ఇంటికి ఫోన్ చేసి ‘గుడ్డు తీశారా’ అంటే స్టాఫ్‌రూమంతా నవ్వు.

నందలూరు కోడలు:
‘గుడ్డు పెట్టె’ అంటే అట్టపెట్టె అనుకోకూడదా? మధ్యాహ్న భోజనానికి 30 గుడ్ల అట్టలు మోసేది నేనే.

నిర్వాహకుడు:
కుదరదమ్మా. పెట్టె కర్తగా ఉన్న నామవాచకమైతే ‘పొద్దు’ పొద్దుగానే ఉండాలి. అరసున్న (ఁ) వచ్చి ‘పొద్దు’ ‘బొద్దు’ అయిందంటే ఇక్కడ అది ‘పెట్టెను’ అనే క్రియే.

రాయచోటి టీచరమ్మ:
ఉక్తలేఖనమున నొక్కడు తప్పుగా
‘పుజ్జ’టంచు రాయఁ బుస్తకాన
నమ్మ యెర్ర కలము నందుకొనుచు దిద్దె
‘పుంజు’, గుడ్డు పెట్టెఁ బొద్దు పొడువ

నిర్వాహకుడు:
భలే! ‘పుజ్జు’లో సున్నా పెడితే ‘పుంజు’, బడిలో సున్నాను గుడ్డనే కదా అంటాం. ‘దిద్దె’ కూడా క్రియే గనుక దాని తర్వాత ‘బుంజు’ కావాలని ఎవరైనా పట్టుకోవచ్చు. దిద్దిన మాటను ఉన్నదున్నట్టు చూపాలి గనుక నేను ఒప్పుకుంటా. అంత పొద్దున దిద్దడమేంటి తల్లీ?

టీచరమ్మ:
సంగటికి ఎసరు కాగేలోపల దిద్దుకుంటేనే సార్, తర్వాత బస్సు టెన్షన్. ఆ ‘ఒక్కడు’ మా చిన్నోడే, నా తరగతే. పొద్దున్నే గంప ఎత్తి కోళ్లను వదిలేది వాడి పని. ఈ రోజు అలిగి ఎత్తలేదు.