సాంకేతిక యుగపు నవలల్లో ‘నేనెవరు’ అన్న ప్రశ్న మారిందా?

ప్రశ్న (ఎం.ఏ. విద్యార్థిని):
నమస్కారం. డాన్ డెలిల్లో ‘వైట్ నాయిస్’ (1985), కజువో ఇషిగురో ‘క్లారా అండ్ ద సన్’ (2021) నవలల మీద సెమినార్ పత్రం రాస్తున్నాను. రెండింటినీ ‘అస్తిత్వ సంక్షోభం’ అన్న ఒకే మాట కింద చేర్చవచ్చునా, లేక ఈ 36 ఏళ్లలో ఆ సంక్షోభం స్వరూపమే మారిపోయిందా అన్నది తేల్చుకోలేకపోతున్నాను. చదివినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు 1 (విశ్రాంత అధ్యాపకుడు):
ఒకే మాట కింద చేర్చితే అసలు విషయం జారిపోతుందమ్మా. ‘వైట్ నాయిస్’ కథానాయకుడు జాక్ గ్లాడ్నీ ఒక కళాశాలలో హిట్లర్ అధ్యయన శాఖకు అధిపతి. ఆ హోదాకు తగిన బరువు కనబడాలని పేరుకు ఒక అక్షరం అదనంగా తగిలించుకుని, నల్ల కళ్లద్దాలు పెట్టుకుని తిరుగుతాడే గాని అతనికి జర్మన్ భాష రాదు. విషవాయు మేఘం కమ్మిన రోజున కారులో పెట్రోలు నింపడానికి దిగి రెండున్నర నిమిషాలు ఆ గాలిలో నిలబడతాడు. తరువాత, ఇళ్లు ఖాళీ చేసి వచ్చినవారి శిబిరంలో ఒక ఉద్యోగి అతని వివరాలు కంప్యూటరులో ఎక్కిస్తే తెరమీద నక్షత్రాలు మిణుకుమంటాయి. వాటి అర్థం ఎవరూ తేటగా చెప్పరు. అయినా తన చావు సంగతి తనకన్నా యంత్రానికే బాగా తెలుసునన్న భయం అతణ్ణి వదలదు. మనిషి ఎదురుగానే ఉన్నాడు, అతని గురించి సాక్ష్యం చెప్పే అధికారం మాత్రం యంత్రానికి పోయింది.

జవాబు 2:
గురువుగారి మాటకు చిన్న చేర్పు. పొలం పనితో వేళ్ల గీతలు అరిగిపోయిన మా నాయనమ్మను, ఆమెను ఏళ్ల తరబడి ఎరిగిన రేషన్ డీలరే ‘వేలిముద్ర పడటం లేదమ్మా’ అని వెనక్కి పంపిన రోజున నాకు ఆ శిబిర దృశ్యమే గుర్తుకువచ్చింది. ఆమె పడిన అవమానం నేను మరచిపోలేదు.

జవాబు 3:
ఇషిగురో నవలలో భయం ఇంకొక మెట్టు లోపలికి దిగింది. జన్యుమార్పిడి వల్ల జబ్బుపడిన జోసీ అనే అమ్మాయి చనిపోతే ఆమె స్థానంలో క్లారా అనే యంత్రాన్ని కూతురుగా నిలుపుకోవాలని తల్లి ఆలోచిస్తుంది. మోర్గాన్స్ ఫాల్స్ అనే జలపాతం దగ్గర, జోసీలాగా కూర్చుని మాట్లాడమని క్లారాను అడుగుతుంది. ఇప్పటికే ఒక కూతురిని పోగొట్టుకున్న తల్లి ఆమె, కాబట్టి ఆ దృశ్యం చదువుతుంటే కోపం రాదు, గుండె పిండినట్లవుతుంది. గ్లాడ్నీని యంత్రం లెక్కగట్టింది. జోసీకి బదులు యంత్రమే నిలబడగలదా అన్నది ఇక్కడి ప్రశ్న. తండ్రి పాల్ ఇంజనీరుగా చేసిన ఉద్యోగం అప్పటికే యంత్రాల పాలైంది. ఆ మనిషే క్లారాను మానవ హృదయం గురించి అడగడం కాకతాళీయమని నేను అనుకోను.

జోసీ ప్రత్యేకత జోసీ లోపల లేదనీ, ఆమెను ప్రేమించినవారిలో ఉందనీ క్లారా చివరికి చెబుతుంది. దీన్ని రచయిత తీర్పుగా తీసుకోవద్దని నా మనవి. ఆ మాట అంటున్నది, పని తీరిపోయాక పాత సామాన్ల ఆవరణలో ఒంటరిగా మిగిలిన యంత్రం. అక్కడ దాని గురించి అలా చెప్పగలవారు ఎవరూ లేరు.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. పత్రాన్ని ఆ జలపాతం దృశ్యంతోనే మొదలుపెడతాను.