విజిట్ వీసా మీద దుబాయ్ వెళ్లి పని వెతుక్కోవచ్చా?

మెట్‌పల్లి_కుర్రోడు: తొమ్మిది దాకే చదివిన. పది పాస్ కానోళ్లకు ఇచ్చే ఈసీఆర్ పాస్‌పోర్టు. ఏజెంటు లక్షా నలభై వేలు అడుగుతున్నడు. ముందు విజిట్ మీద పొమ్మంటున్నడు, అక్కడికి పోయినంక కంపెనీ వీసాకు మారుస్తడట. బాపు సరే అన్నడు, అమ్మ వద్దంటున్నది. ఏం చేయాలె?

షార్జా_అన్న: పోకు తమ్మీ. ఈసీఆర్ ఉన్నవాళ్లు పనికి వెళ్లాలంటే ఈ-మైగ్రేట్ అనే కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైట్‌లో క్లియరెన్స్, అంటే వెళ్లడానికి అనుమతి, కావాలి. అది తప్పించడానికే ఈ విజిట్ వీసా. లైసెన్సున్న ఏజెంటు సర్వీసు చార్జీ 30,000 దాటకూడదు, పైన జీఎస్‌టీ. రసీదు ఇస్తాడేమో అడుగు.

గోదారి_గట్టు: 30 వేలకు పంపే ఏజెంటును ఒక్కణ్ణి చూపించండి. నేను 2016లో విజిట్ మీదే వెళ్లాను. పద్దెనిమిదో రోజుకి పని దొరికింది, వీసా మార్చుకున్నాను.

షార్జా_అన్న: రసీదు ఇచ్చాడా?

గోదారి_గట్టు: రసీదు చూసి పని ఇస్తారా అండీ?

పసుపు_రైతు: టామ్‌కామ్‌ల పేరు రాయించు. బయటి దేశాలకు పనికి పంపే కంపెనీ, తెలంగాణ సర్కారుదే.

గోదారి_గట్టు: రాయించుకుని ఎన్నాళ్లు కూర్చోవాలి? అప్పు మీద వడ్డీ ఆగుతుందా?

షార్జా_అన్న: మా బావమరిదీ విజిట్ మీదే వచ్చాడు. నాలుగో నెలలో పరంజా మీద నుంచి పడ్డాడు. ఎడమ కాలు తీసేశారు. వీసా పనిది కాదు కదా, కాంట్రాక్టరు వాడెవడో తెలియదన్నాడు. క్లియరెన్స్‌తో వస్తే బీమా తప్పనిసరి. రెండేళ్లకు 275 రూపాయలు కడితే, ప్రమాదంలో శాశ్వత వైకల్యం వచ్చినా 10 లక్షల దాకా ఉంటుంది. వాడికి ఏదీ లేదు. ఊరి ఏజెంటు ఇచ్చింది క్యాలెండరు కాగితం ముక్క. పెన్సిల్‌తో 1,20,000 అని ఉంది, కింద సంతకం లేదు. మా చెల్లె అది పట్టుకుని వాడి గడప ఎన్నిసార్లు ఎక్కిందో లెక్కలేదు. అందుకే రసీదు రసీదు అంటున్నా.

గోదారి_గట్టు: మీ బాధ కాదనను. కానీ మీరు వెళ్లారు, సంపాదించారు. కుర్రాడిని మాత్రం ఆగమంటున్నారు. మా ఇంట్లో కౌలు అప్పు ఉంటే ఎవరొచ్చి తీర్చారు?

షార్జా_అన్న: నేను ఆగమన్నానా? కాగితం లేకుండా పోవద్దన్నాను! చదివి మాట్లాడండి!

మెట్‌పల్లి_కుర్రోడు: కొట్లాడకండి అన్నా. చెప్పకుండా దాచిన ముచ్చట ఒకటున్నది. ఏజెంటు మా మేనమామనే. ఇంటోణ్ణి రసీదు అడుగుతావా అని బాపు కోపం జేస్తున్నడు.

పసుపు_రైతు: అమ్మ సొంత తమ్మున్నే వద్దంటున్నదా?

మెట్‌పల్లి_కుర్రోడు: అవును. ఎందుకో చెప్తలేదు.

షార్జా_అన్న: తమ్మీ, ముందు అమ్మ దగ్గర కూర్చో. ఆమెకు తెలిసింది మాకెవరికీ తెలియదు.

గోదారి_గట్టు: మేనమామైతే కాగితం ఇంకా గట్టిగా అడుగు. నన్ను పంపింది మా చిన్నాన్నే. డబ్బు లెక్క తేలక ఇప్పటికీ రెండిళ్ల మధ్య మాటల్లేవు, నాన్న పోయినప్పుడు కూడా రాలేదు. విజిట్ వీసా సంగతిలో మాత్రం నా మాట నాదే.