టికెట్టు నేనే తీసుకున్నానట

మొన్న పూర్ణా మార్కెట్లో కూరలు కొంటున్నాను. మళ్ళీ తెలివొచ్చేసరికి భీమిలి బస్సులో, రుషికొండ దాటేశాను. ఒళ్ళో నాకసలు పడని వంకాయలు! టికెట్టు నేనే తీసుకున్నానట. డాక్టరుగారు డీఐడీ అన్నారు, అంటే ఒకే మనిషిలో వేర్వేరు వ్యక్తిత్వాలు మారుతుండే జబ్బట. అమ్మేమో దిష్టి అంటోంది. ఇది మామూలు మతిమరుపేనా?

జవాబు 1: కాదండీ. చేదు జ్ఞాపకాలే కాదు, రోజువారీ సంగతులు చెరిగిపోవడమూ లక్షణమేనని మానసిక జబ్బులు గుర్తించడానికి డాక్టర్లు వాడే పుస్తకం, 2013 నాటి డీఎస్ఎం-5లో ఉంది. ఫిట్స్ కాదని చూశారా?

జవాబు 2: నాకూ ఉంది అక్కా. బండి తాళాల పక్కన నోటుబుక్కు పెట్టాను. ఒక్కోసారి "పాలవాడికి ఇచ్చేశా" అని ఉంటుంది, దస్తూరీ నాది కాదు. మొదట్లో వణుకొచ్చేది. ఇప్పుడు కింద జవాబు రాస్తున్నాను.

అడిగినావిడ: ఈఈజీ (మెదడు తరంగాల పరీక్ష) తీశారు, ఫిట్స్ కాదన్నారు. నోటుబుక్కు కొన్నాను. వంకాయలు అమ్మ గుత్తికూర చేసేసింది.