1883 కప్పు ఫైనల్‌లో 'ఔత్సాహికులు' ఎవరు, 'వృత్తి క్రీడాకారులు' ఎవరు?

ఇంగ్లండు ఫుట్‌బాల్ పోటీ అయిన ఎఫ్.ఏ. కప్పు 1883 నాటి ఫైనల్ గురించి రాసేటప్పుడు "ఆనాడు వృత్తి క్రీడాకారులు ఔత్సాహికులను ఓడించారు" అనవచ్చునా అన్న ప్రశ్నకు ఈ చర్చలో చాలామంది మిత్రులు అనవచ్చుననే జవాబిచ్చారు. ఆ వాక్యంలో వ్యాకరణ దోషమేమీ లేదు గాని, చరిత్ర దోషం ఉంది. ఆ రెండు పదాలకు మూలమైన 'అమెచ్యూర్', 'ప్రొఫెషనల్' అన్న ఇంగ్లీషు మాటలు ఆనాటి ఇంగ్లండులో దేనిని సూచించేవో చూస్తే తప్ప అది బయటపడదు కనుక కొంత వివరంగా రాస్తున్నాను.

ఆ ఏడాది మార్చి 31వ తేదీ శనివారం లండన్‌లోని కెన్నింగ్టన్ ఓవల్ మైదానంలో తలపడినవి ఓల్డ్ ఈటోనియన్స్, బ్లాక్‌బర్న్ ఒలింపిక్ జట్లు. మొదటిది సంపన్న కుటుంబాల పిల్లలు చదివే ఈటన్ పాఠశాల పూర్వవిద్యార్థుల జట్టు. అంతకు ముందటేడు కప్పు గెలిచింది కూడా వారే. దాని నాయకుడు ఆర్థర్ కిన్నెయిర్డ్ ప్రభువంశీకుడు, బ్యాంకు వ్యాపారి. ఆ రోజు మొదటి గోలు చేసిన హ్యారీ గుడ్‌హార్ట్ తరువాతి కాలంలో ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో లాటిన్ ఆచార్యుడయ్యాడు. రెండవ జట్టులో ఉత్తర ఇంగ్లండులోని లాంకషైర్ నూలు మిల్లుల నేతపనివారు, ఇనుప పోత కార్ఖానా కార్మికుడు, గుమాస్తా ఉన్నారు. నాయకుడు ఆల్బర్ట్ వార్‌బర్టన్ ప్లంబర్. ఆర్థర్ మాథ్యూస్ గోలుతో ఆట సమమయింది. ఈటన్ జట్టులో ఆర్థర్ డన్ గాయపడి తప్పుకోగా, బదులు ఆటగాడిని దించే ఏర్పాటు ఆనాడు లేనందున మిగిలిన పదిమందే ఆడవలసి వచ్చింది. అదనపు సమయంలో జిమ్మీ కాస్ట్‌లీ అనే నూలు మిల్లు కార్మికుడు చేసిన గోలుతో ఒలింపిక్ 2-1 తేడాతో గెలిచింది.

ఇక అసలు విషయానికి వస్తే, ఆ రోజున నియమాల ప్రకారం రెండు జట్లూ 'అమెచ్యూర్' జట్లే, అంటే ఆటకు ప్రతిఫలం పుచ్చుకోనివారి జట్లే. ఆటగాడు తనకు నిజంగా అయిన ఖర్చును, ఆటకు వచ్చినందువల్ల నిజంగా పోగొట్టుకున్న కూలిని మించి ఏ ప్రతిఫలం పుచ్చుకున్నా అతడిని కప్పు పోటీ నుంచి తప్పించాలని ఈ పోటీని నడిపే ఫుట్‌బాల్ అసోసియేషన్ (ఎఫ్.ఏ.) 1882లో నియమం పెట్టింది. బ్లాక్‌బర్న్ నుంచి లండన్‌కు రెండు వందల మైళ్ల పైచిలుకు దూరం. శనివారం మధ్యాహ్నం ఆడాలంటే మిల్లు కార్మికుడు పని మానుకోక తప్పదు, మానుకున్న పూటకు కూలి రాదు. ఈటన్ పూర్వవిద్యార్థికి ఆ చిక్కు లేదు. 'అమెచ్యూర్' అన్న మాట వెనుక ఉన్నది ఈ ఆర్థిక భేదం. దానిని 'ఔత్సాహిక' అంటూ ఉత్సాహానికి ముడిపెడితే ఆ భేదం పాఠకుడికి కనిపించకుండా పోతుంది. వీరరసానికి స్థాయీభావం ఉత్సాహమని మన ఆలంకారికులు చెప్పారు. ఆ లెక్కన ఆనాటి మైదానంలో ఉత్సాహవంతులు కానివారెవరు?

అంతమాత్రాన 'ఔత్సాహిక' చెడ్డ పదమని నేననడం లేదు. మన నాటకరంగంలో ఆ మాట ఎంతో చక్కగా కుదురుకుంది. సురభివారిలా నాటకమే జీవనాధారంగా ఊరూరా తిరిగినవి వృత్తి సమాజాలు. బళ్లారిలో న్యాయవాది ధర్మవరం రామకృష్ణమాచార్యులు నడిపిన సరసవినోదినీ సభలా, బతుకుతెరువు వేరే ఉన్నవారు రంగమెక్కినవి ఔత్సాహిక సమాజాలు. అక్కడ అర్థం స్పష్టం. ఇటీవల మాత్రం పత్రికలలో 'ఔత్సాహిక పారిశ్రామికవేత్తలు' వంటి ప్రయోగాలు పెరిగి, 'ఆ రంగంలోకి కొత్తగా రాదలచినవారు' అన్న అర్థమే ముందుకు వచ్చింది. అయిదు ఫైనళ్లు గెలిచిన కిన్నెయిర్డ్‌ను 'ఔత్సాహిక ఆటగాడు' అంటే నేటి యువపాఠకుడు అతడిని ఆట నేర్చుకుంటున్నవాడిగా పొరబడే ప్రమాదం ఉంది.

'వృత్తి' విషయంలో చిక్కు మరింత లోతైనది. తెలుగులో వృత్తి అంటే బతుకుతెరువు. కాస్ట్‌లీ వృత్తి నూలు మిల్లు పని. అతడిని వృత్తి క్రీడాకారుడంటే ఆ పనిని చెరిపివేసినట్టవుతుంది. ఫైనల్‌కు ముందు స్థానిక ఇనుప కార్ఖానా యజమాని సిడ్నీ యేట్స్ ఇచ్చిన డబ్బుతో ఆ జట్టు బ్లాక్‌పూల్‌కు వెళ్లి, జాక్ హంటర్ శిక్షణలో కొద్దిరోజులు సాధన చేసిన మాట నిజమే. ఈటన్ పక్షంవారికి ఆ సాధన తగని పనిగా కనిపించింది. అయితే అభ్యాసం చేసినంత మాత్రాన ఎవరూ వృత్తి క్రీడాకారులైపోరు. లాంకషైర్ జట్లలో చాటుగా డబ్బు చేతులు మారుతున్నదన్న అనుమానం ఆనాడు బలంగా ఉన్నా, దానిని ఈ పదకొండుమందికీ తీర్పుగా అంటగట్టడం న్యాయం కాదు.

ఆ రహస్యం బట్టబయలైనది మరుసటి ఏడాదే. 1884లో లాంకషైర్ జట్టు ప్రెస్టన్ నార్త్ ఎండ్ డబ్బిచ్చి ఆడిస్తున్నదని లండన్ జట్టు అప్టన్ పార్క్ ఫిర్యాదు చేయగా, ఆటగాళ్లకు ఊళ్లో ఉద్యోగాలు చూపించి రప్పించామని ప్రెస్టన్ కార్యనిర్వాహకుడు విలియం సుడెల్ దాచకుండా ఒప్పుకున్నాడు. జట్టును పోటీ నుంచి తొలగించారు. ఉత్తరాది క్లబ్బులు వేరు సంఘం పెట్టుకుంటామని కదలడంతో, 1885 జూలైలో అసోసియేషన్ దిగివచ్చి డబ్బు తీసుకుని ఆడడాన్ని అనుమతించింది. కప్పు పోటీలలో ఆడాలంటే మాత్రం అటువంటి ఆటగాడు క్లబ్బు మైదానానికి ఆరు మైళ్ల లోపల పుట్టినవాడో, రెండేళ్లుగా అక్కడ నివసిస్తున్నవాడో కావాలని షరతు పెట్టింది. 'వృత్తి క్రీడాకారుడు' అన్న మాటకు ఇంగ్లండు ఫుట్‌బాల్‌లో నియమబద్ధమైన అర్థం ఏర్పడినది అప్పుడే. 1883 ఆటకు ఆ మాటను వాడడం కాలవిరుద్ధమని నేననడానికి కారణమిదే.

అమెచ్యూర్‌కు బదులుగా ఈ చర్చలో ఒకరు సూచించిన 'నిర్వేతన క్రీడాకారుడు' అర్థానికి దగ్గరగానే ఉంది గాని, రావలసిన జీతం అందనివాడన్న ధ్వని కూడా అందులో వినిపిస్తుంది. 'అమెచ్యూర్' అనే తెలుగు లిపిలో రాసి, మొదటిసారి వచ్చినచోట 'ఆటకు ప్రతిఫలం పుచ్చుకోనివాడు' అని వివరించడం మేలని నా అభిప్రాయం. ప్రశ్నలోని వాక్యాన్ని నేనైతే ఇలా మారుస్తాను: "1883లో లాంకషైర్ మిల్లు పట్టణపు కార్మికుల జట్టు ఈటన్ పూర్వవిద్యార్థుల జట్టును ఓడించి కప్పును మొదటిసారి ఉత్తరాదికి తీసుకువెళ్లింది, ఆ తరువాత ఏ పాఠశాల పూర్వవిద్యార్థుల జట్టూ దానిని గెలవలేదు."