అమ్మ "నీకోసమే" అంటే నమ్మాలా? ఎనీవేర్ బట్ హియర్ చూశాక మా రూమ్‌లో గొడవ

తిక్కశంకరి:
ఫ్రెండ్స్, మొన్న ఆదివారం తమ్ముడి హార్డ్‌డిస్క్‌లో ఎనీవేర్ బట్ హియర్ అని 1999 నాటి ఇంగ్లీషు సినిమా దొరికితే నేనూ మా రూమ్మేటూ చూశాం, చూసి రాత్రి ఒంటిగంట దాకా కొట్టుకున్నాం, తేలలేదు కాబట్టి ఇక్కడ పడేస్తున్నా. చూడనోళ్ళకి కథ రెండు ముక్కల్లో. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలో బే సిటీ అని చిన్న ఊరు, అక్కడ అడెల్ అనే ఆవిడకి ఊపిరాడదు. ఒకరోజు బంగారు రంగు మెర్సిడెస్ కార్లో హైస్కూల్ వయసు కూతుర్ని ఎక్కించుకుని, మొగుణ్ణీ చుట్టాల్నీ వదిలేసి కాలిఫోర్నియాలో బెవర్లీ హిల్స్‌కి పోతుంది. తల్లి సూసన్ సరాండన్, కూతురు యాన్‌గా నటాలీ పోర్ట్‌మన్. "నువ్వు యాక్టర్‌వి అవ్వాలి, ఇదంతా నీకోసమే" అంటుంది తల్లి. పిల్లకి ఆ ఊరే ఇష్టం, అక్కడున్న కజిన్ బెన్నీ అంటే ప్రాణం, అసలు యాక్టింగే వద్దు.

నా పాయింట్ ఒక్కటే. వెళ్తే వెళ్ళు, నీ లైఫ్. పిల్ల నెత్తిన "నీకోసం" అని పెట్టి వెళ్ళడం మోసం. మీరేమంటారు?

చార్మినార్_చౌరస్తా:
అక్కా గిదాంట్ల డిస్కషన్ ఏముంది, ఆమెకే ఉండబుద్ధి కాలే, పోయింది, పిల్లని లగేజ్ లెక్క ఏస్కపోయింది. మొదట్లనే కార్ల లొల్లి పెట్టుకుని పిల్లను రోడ్డు మీద దింపి ఎల్లిపోతది చూడు, మళ్ళ ఎనక్కొస్తది గానీ, గాడనే నాకు దిమాఖ్ ఖరాబైంది. మా ఇంట్ల అట్ల చేస్తే నాయ్నమ్మ చెప్పు తీస్కునేది.

పాతసినిమా_పిచ్చోడు:
మంచి సినిమా తీశారు బయటికి. దీని డైరెక్టర్ వేన్ వాంగ్, 1993లో జాయ్ లక్ క్లబ్ తీసింది ఈయనే, అది కూడా తల్లీకూతుళ్ళ గోలే. మూలం మోనా సింప్సన్ 1986లో రాసిన నవల, ఈవిడ స్టీవ్ జాబ్స్‌కి సొంత చెల్లెలు, పెద్దయ్యేదాకా ఒకళ్ళకొకళ్ళు తెలీదు. పోర్ట్‌మన్‌కి ఈ సినిమాకి గోల్డెన్ గ్లోబ్ నామినేషన్ వచ్చింది. సరే ట్రివియా పక్కన పెడితే, తిక్కశంకరి గారూ, మీరు ఒకటి మర్చిపోతున్నారు. ఆవిడ బెవర్లీ హిల్స్‌లో ఎందుకుంటుంది, అద్దె కట్టలేక కరెంటు కట్టయ్యే పరిస్థితిలో కూడా? ఆ ఏరియాలో అడ్రస్ ఉంటేనే ఆ స్కూల్లో సీటు కాబట్టి. మాదాపూర్‌లో కాలేజీ పక్కనే ఉండాలని సింగిల్ రూమ్ అద్దెకి తీసుకుని, వంట బాల్కనీలో చేసుకునే ఊరి తల్లులు మనకి తెలీదా? వాళ్ళని మోసం అంటామా?

తిక్కశంకరి:
ఆ తల్లులు పిల్లని అడిగొస్తారా లేదా అనేది వేరే చర్చ గానీ, కనీసం వాళ్ళు వచ్చింది ఆ కాలేజీ కోసమే, అబద్ధం లేదు. అడెల్ అలా కాదే. వచ్చీ రాగానే ఎవరో డెంటిస్ట్ ఫోన్ చేస్తాడేమో అని ఎదురుచూస్తూ కూర్చుంటుంది. అది తప్పని అనట్లేదు, ఒంటరి మనిషి, తోడు కావాలనుకుంటుంది. కానీ అది "నీకోసం" లెక్కలోకి ఎలా వస్తుంది?

ఇద్దరమే:
చాలా రోజులుగా చదువుతూ ఊరుకునేదాన్ని, ఇది చూసి లాగిన్ అయ్యాను. నాకు 44, పాపకి 16, నేను తెనాలి నుంచి పాపని తీసుకుని హైదరాబాద్ వచ్చి తొమ్మిదేళ్ళు, మొగుడు ఉన్నాడు కానీ లేడు అనుకోండి. మీరంతా కూతురి వైపు నుంచి చూస్తున్నారు, కానివ్వండి, ఒకసారి నాతో పాటు టులెట్ బోర్డులు చూడ్డానికి రండి. ఎస్సార్ నగర్‌లో ఒక ఓనర్ ఆంటీ ఇల్లంతా చూపించి, మోటార్ ఎప్పుడు వేస్తారో చెప్పి, అడ్వాన్స్ మాట్లాడి, ఆఖర్న "మీ సారేం చేస్తారమ్మా" అంది. లేరండీ అన్నాను. "ఫ్యామిలీస్‌కే ఇస్తామమ్మా" అంది. నేనూ నా కూతురూ ఫ్యామిలీ కాదట. తర్వాత నుంచి నేనేం చేశానో తెలుసా, తొమ్మిదో నంబర్ మగాళ్ళ చెప్పులు ఒక జత కొని గుమ్మం బయట పెట్టాను, వారానికోసారి అటుదిటు జరుపుతాను ఎవరో వేసుకున్నట్టు, దుమ్ము పట్టకుండా తుడుస్తాను కూడా. ఇంట్లో ఆ చెప్పులకిచ్చినంత మర్యాద నాకు లేదు. 

ఇప్పుడు చెప్పండి, నేను ఊరొదిలి ఎందుకొచ్చావమ్మా అంటే "నాకు అక్కడ ఊపిరాడలేదు, నాకోసం నేను వచ్చాను" అంటే ఏ ఓనర్ ఇల్లిస్తాడు, ఏ ఆడబిడ్డ నోరు మూసుకుంటుంది, మా అమ్మే ఒప్పుకోదు. "పాప చదువు కోసం" అంటే అందరూ తలూపుతారు. ఆడది తనకోసం ఒక బస్సు టికెట్ కొనుక్కున్నా సంజాయిషీ చెప్పాలి. పిల్ల పేరు చెప్పుకోక ఆ అడెల్ ఇంకేం చెప్పుకుంటుంది?

పాతసినిమా_పిచ్చోడు:
ఆ చెప్పుల సంగతి చదివి రెండు నిమిషాలు ఫోన్ పక్కన పెట్టేశా అక్కా.

కోర్టుపక్షి:
లా వైపు నుంచి ఒకటి. సినిమా వచ్చిన 1999లోనే, ఫిబ్రవరిలో, గీతా హరిహరన్ కేసులో మన సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. 1956 నాటి హిందూ గార్డియన్‌షిప్ చట్టం ఆరో సెక్షన్‌లో మైనర్‌కి గార్డియన్ "తండ్రి, ఆయన తర్వాత తల్లి" అని ఉంటుంది, ఆ "తర్వాత" అంటే తండ్రి చచ్చిపోయాకే అని అర్థం కాదు, తండ్రి పట్టించుకోకుండా వదిలేసినా తల్లే గార్డియన్ అని చెప్పారు. 2016 డిసెంబర్ నుంచి పాస్‌పోర్టుకి తల్లిదండ్రుల్లో ఒక్కరి పేరు చాలు. 2022లో మన ఆంధ్రా నుంచి వెళ్ళిన కేసులోనే, రెండో పెళ్ళి చేసుకున్న తల్లి పిల్లాడికి ఇంటిపేరు తనే నిర్ణయించుకోవచ్చు అని, హైకోర్టు చెప్పినదాన్ని కొట్టేసింది సుప్రీంకోర్టు. కాబట్టి ఇద్దరమే గారూ, పేపర్ మీద మీరిద్దరూ ఫ్యామిలీయే. ఓనర్ ఆంటీ దగ్గర ఆ పేపర్ పనిచెయ్యదు, అది నాకూ తెలుసు.

చార్మినార్_చౌరస్తా:
అక్కా నేను పైన చెప్పు అన్న మాట వాపస్ తీస్కుంటున్న. కానీ రోడ్డు మీద దింపుడు మాత్రం తప్పే, దాన్ల చేంజ్ లేదు.

ఇద్దరమే:
తప్పే తమ్ముడూ. నేనూ ఒకసారి దింపాను, ఎర్రగడ్డ దగ్గర ఆటోలోంచి. ఆటో అతను "మేడమ్ పాప" అని ఆపేశాడు. ఆ సీన్ చూసినప్పుడు మా పాప నావైపు చూడలేదు, అది చాలు నాకు.

తిక్కశంకరి:
ఇద్దరమే గారూ, మీ పోస్ట్ నాలుగుసార్లు చదివాను. నేను మొదట్లో చెప్పలేదు, నేను ఆ కూతురి పార్టీయే. పదో తరగతి లోపు నాలుగు స్కూళ్ళు. ఖమ్మం, వరంగల్, దిల్‌సుఖ్‌నగర్, మళ్ళీ కూకట్‌పల్లి. ప్రతిసారీ టీసీ, బోనఫైడ్, టాటా ఏస్, అంతే. అమ్మ నా నోట్‌బుక్కుల మీద పాత స్కూల్ పేరు కనపడకుండా కొత్త లేబుల్ అంటించేది, కొత్తవి కొనే డబ్బుల్లేక. సోషల్ నోట్‌బుక్ మీద మూడు లేబుళ్ళు, ఒకదాని మీద ఒకటి, క్లాసులో బోరు కొడితే గోటితో గీకి కింద స్కూల్ దాకా వెళ్ళేదాన్ని.

ఓనర్‌కి అబద్ధం చెప్పండి, ఆడబిడ్డకి చెప్పండి, ఊరంతటికీ చెప్పండి, తప్పు లేదు, ఇప్పుడు ఒప్పుకుంటున్నా. నాకెందుకు చెప్పాలి? నీకోసమే వచ్చాం అని పన్నెండేళ్ళ పిల్లకి చెప్తే అది ఏమనుకుంటుందో తెలుసా, అమ్మకి బీపీ వచ్చినా నావల్లే, అద్దె కట్టలేకపోయినా నావల్లే, సెకండ్ క్లాస్ వస్తే ఇంక చావే. సినిమాలో ఆడిషన్ సీన్ గుర్తుందా, యాన్ అక్కడ వాళ్ళమ్మని ఇమిటేట్ చేస్తుంది, ఆ చేతులు తిప్పడం, ఆ గొంతు, తల్లి చాటు నుంచి చూసి మొహం మాడ్చుకుంటుంది. అందరూ అయ్యో తల్లి అంటారు. నాకు మాత్రం ఆ పిల్లకి మొదటిసారి నోరొచ్చినట్టు అనిపించింది.

పాతసినిమా_పిచ్చోడు:
కానీ చివర్లో యాన్‌కి బ్రౌన్ యూనివర్సిటీలో సీటొస్తే, దేశానికి ఆ చివర, అడెల్ ప్రాణంలా చూసుకున్న ఆ మెర్సిడెస్ అమ్మేసి పంపిస్తుంది కదండీ. అక్కడ "నీకోసం" నిజమైనట్టే కదా?

తిక్కశంకరి:
మా అమ్మ కూడా నా బీటెక్ ఫీజుకి గాజులమ్మింది. అమ్మితే లెక్క సరిపోతుందా అనేదే కదా నేనడిగేది.

ఇద్దరమే:
లెక్క సరిపోదు. మీ అమ్మగారికీ తెలిసే ఉంటుంది. ఒకసారి ఆవిడతో కలిసి చూడండి సినిమా, సబ్‌టైటిల్స్ మీరే చదివి చెప్పండి.

మోడరేటర్:
ఎవరో కొత్త ఐడీతో "మొగుణ్ణి వదిలేసిన ఆడాళ్ళు" అని మొదలెట్టారు, లేపేశాం. మిగతావాళ్ళు కానివ్వండి.

తిక్కశంకరి:
అప్‌డేట్. నిన్న శనివారం కూకట్‌పల్లి వెళ్ళి అమ్మతో చూశా. సగం సినిమా చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూనే ఉంది. రోడ్డు మీద దింపే సీన్‌కి ఏం మాట్లాడలేదు. డెంటిస్ట్ వచ్చినప్పుడు "వీడు నిలబడే రకం కాదు" అంది, మొహం చూసే చెప్పేసింది. ఆడిషన్ సీన్ దగ్గర నవ్వింది, నవ్వి "నువ్వూ చేస్తావుగా నన్ను, రేవతి వాళ్ళింట్లో చేశావంట" అంది, అది జరిగి పదిహేనేళ్ళయింది, ఎవరు చెప్పారో.

కారు అమ్మే దగ్గర చేతిలో చిక్కుడుకాయ అలాగే పట్టుకుని "ఎంతకి పోయిందంట?" అని అడిగింది. నేను వెనక్కి జరిపి చూద్దామని రిమోట్ తీసుకున్నా. ఈలోపు తనే అంది, "తక్కువకే పోయుంటుందిలే, అవసరానికి అమ్మేవాళ్ళకి ఎవడిస్తాడు రేటు. నా గాజులకీ తరుగు తీశాడు, గ్రాముకింత అని."

నేను ఇన్నాళ్ళూ ఎంతకి అమ్మావని అడగనే లేదు.